వీధి చివరి క్లినిక్ డాక్టర్ని సర్కారు వైద్యంలో కలపాలంటే చీటీకింతా, నెల జీతమా, తలకింతా: ఏది మేలు?

ఎంబీబీఎస్ అయిపోయి ఏం చెయ్యాలో తేల్చుకోలేకపోతున్న పిల్లల దగ్గర్నుంచి నాలాగా టౌన్‌లో క్లినిక్ నడిపే తోటి డాక్టర్ల దాకా అందరూ ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. అందరికీ వైద్యం అని సర్కారు నిజంగానే మొదలుపెట్టి, ప్రైవేట్ క్లినిక్‌లని కూడా రమ్మంటే చేరాలా వద్దా, చేరితే ఏ లెక్కన చేరాలి అని. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ ఒకేసారి రాస్తున్నా.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ సంగతి అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను. ఒక్క మాట మాత్రం చెప్పాలి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పట్నుంచి మన దగ్గర కార్డు మీద జరిగేదంతా దాదాపు బెడ్ ఎక్కాక జరిగే వైద్యమే. గుండెకి స్టెంట్ వేయించుకోడానికి కార్డుంది, ఆ స్టెంట్ దాకా పోకుండా పదేళ్లపాటు బీపీ మాత్ర వేసుకుందామంటే నా క్లినిక్‌లో ఆ కార్డు చెల్లదు. జ్వరం, దగ్గు, షుగరు, మోకాళ్ల నొప్పులు, పిల్లాడి విరేచనాలు, అన్నీ జేబులోంచే. దేశం మొత్తం వైద్యం ఖర్చులో జనం సొంతంగా పెట్టుకునేది 2013-14లో 64 శాతం ఉంటే 2021-22కి 39 శాతానికి తగ్గిందని సర్కారు లెక్కలు చెప్తున్నాయి, తగ్గిన మాట సరే, మిగిలినదాంట్లో పెద్ద భాగం పోయేది ఓపీకీ, మందులకీ, అంటే మాలాంటి వాళ్ల దగ్గరే. అందుకే మమ్మల్ని కలపకుండా అందరికీ వైద్యం అనడం కుదరదు. కలపడం ఎలా అన్నదే గొడవ.

మొదట చీటీకింత. పేషెంట్ వస్తాడు, చూస్తాం, చూసినందుకు సర్కారు ఇంత అని ఇస్తుంది. మా వాళ్లలో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది దీనికే ఓటేస్తారు, ఎందుకంటే ఇప్పుడు చేస్తున్నది అదే, ఇచ్చే చెయ్యి మారుతుందంతే. పేషెంట్‌కి కూడా నచ్చిన డాక్టర్ దగ్గరికి పోయే స్వేచ్ఛ ఉంటుంది. కానీ ఇందులో ఉన్న తిరకాసు ఏంటంటే ఇవాళ మన క్లినిక్‌లలో ఒకసారి ఫీజు కడితే వారమో పదిహేను రోజులో ఆ చీటీ పనిచేస్తుంది, మళ్లీ వస్తే ఊరికే చూస్తాం. డబ్బులిచ్చేది సర్కారు అయిన మర్నాడే ఆ అలవాటు చచ్చిపోతుంది. రెండ్రోజుల తర్వాత కనపడమ్మా, మళ్లీ రెండ్రోజులకి రామ్మా, ప్రతిసారీ ఒక బిల్లు. మేం చెడ్డవాళ్లమని కాదు, పనికి డబ్బులిస్తుంటే పని పెరుగుతుంది, ఎక్కడైనా అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందుంటాయి. ఆపరేషన్‌కింత అని లెక్క కట్టే చోట అవసరమైనదేది కానిదేది అన్న గీత ఎంత తొందరగా చెరిగిపోతుందో మనకి వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. థాయ్‌లాండ్‌లో కూడా, అందరికీ వైద్యం బాగా చేశారని పేరున్న దేశం అది, 2020లో బాంకాక్‌లో కొన్ని ప్రైవేట్ క్లినిక్‌లు బీపీ షుగర్ స్క్రీనింగ్ చెయ్యకుండానే చేసినట్టు బిల్లులు పెట్టాయని బయటపడి ఒప్పందాలు రద్దు చేశారు.

ఇంకోటి, బిల్లు పెట్టాక డబ్బులెప్పుడొస్తాయి. ఆరోగ్యశ్రీలో చేరిన నెట్‌వర్క్ హాస్పిటల్స్, సర్కారు బకాయిలివ్వకపోతే సేవలు ఆపేస్తామని నోటీసులివ్వడం రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. వంద బెడ్ల హాస్పిటల్ బ్యాంకులో అప్పు తెచ్చుకుని ఆరు నెలలు ఆగగలదు, ఒక కాంపౌండరు, ఒక నర్సమ్మ, అద్దె రూము, ఇదీ నా సామ్రాజ్యం, రెండు నెలలు ఆగితే షట్టర్ దించెయ్యాలి. పైగా చీటీకో క్లెయిమ్ అంటే ఒక్కో జ్వరానికి ఒక్కో అప్‌లోడ్, ఫొటో, ఓటీపీ. అది ఎవరు కూర్చుని చేస్తారు?

నెల జీతం సంగతి. ఇది మనకి కొత్త కాదు, ఆంధ్రాలో ఫ్యామిలీ డాక్టర్ పథకం 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో మొదలుపెట్టినప్పుడు అనుకున్నదేంటంటే పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకళ్లు పీహెచ్‌సీలో ఓపీ చూస్తుంటే ఇంకొకళ్లు 104 బండిలో ఊళ్లకెళ్లి విలేజ్ క్లినిక్‌లో కూర్చుంటారు, ఒక్కో ఊరికి నెలకి రెండుసార్లు. ఆలోచన మంచిదే, మంచం దిగలేని వాళ్ల ఇంటికి కూడా వెళ్లాలన్నారు, ఏ ప్రైవేట్ క్లినిక్ డాక్టరూ ఇప్పుడు ఆ పని చెయ్యట్లేదు. హైదరాబాద్ బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి, అవీ అంతే, ఒక ఎంబీబీఎస్ డాక్టరు, నర్సు, ఉచితంగా టెస్టులు, మందులు. జీతం తీసుకునేవాడికి ఎక్కువ టెస్టులు రాయాలన్న ఆశ ఉండదు, అది పెద్ద ప్లస్. మరి లోటేంటంటే, ఆ సీట్లో ఎక్కువగా కూర్చునేది పీజీ ఎంట్రన్స్‌కి చదువుకుంటున్న కుర్ర డాక్టర్లు, సీటు రాగానే వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా, తప్పేం లేదు. కానీ షుగర్ పేషెంట్ మామ్మగారికి ఏడాదికో కొత్త మొహం. ఫ్యామిలీ డాక్టర్ అన్న పేరుకి అసలు అర్థమే ఒకడే మనిషి ఏళ్లతరబడి చూడటం కదా, ఆవిడకి సల్ఫా మందు పడదని, ఆవిడ కొడుకు దుబాయ్‌లో ఉన్నాడని, మాత్రలు సగం సగం విరుచుకుని వేసుకుంటుందని తెలిసినవాడు. అది ట్రాన్స్‌ఫర్లున్న ఉద్యోగంలో నిలవదు. ఇక నాలాగా సొంత క్లినిక్ పెట్టుకుని స్థిరపడ్డవాళ్లు అన్నీ వదిలేసి జీతానికి రమ్మంటే వస్తారా అంటే, రారు. దాన్ని సాగదీయడం అనవసరం.

మూడోది తలకింత. జనం మీ దగ్గర పేరు రాయించుకుంటారు, వచ్చినా రాకపోయినా ఒక్కో పేరుకి ఏడాదికింత అని సర్కారు మీకిస్తుంది. బ్రిటన్‌లో జీపీలకి, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్లకి, ప్రధానంగా వచ్చేది ఇదే, మన తెలుగు డాక్టర్లు అక్కడ జీపీలుగా చాలామందే ఉన్నారు, మీ క్లాస్‌మేట్‌ని అడిగినా చెప్తారు. చాలామందికి తెలియనిదేంటంటే అక్కడి జీపీలు ఎక్కువమంది గవర్నమెంట్ ఉద్యోగులు కారు, క్లినిక్‌లు ఎక్కువగా ఒప్పందం మీద నడిచే ప్రైవేట్‌వే. అక్కడ అందరికీ సర్కారు వైద్యం మొదలుపెట్టేముందు, 1948 ఫిబ్రవరిలో డాక్టర్ల సంఘం ఓటింగ్ పెడితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మేం చేరం అన్నారు, ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవాన్ వచ్చి మిమ్మల్ని జీతగాళ్లని చెయ్యను, కావాలంటే చట్టంలో రాసిస్తాను అన్నాక దిగొచ్చారు, జులై 5న మొదలైపోయింది. డాక్టర్లు రెడీగా ఉన్నారా అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తా, ఎక్కడా ఎవరూ రెడీగా లేరు, షరతులు చూసి రెడీ అయ్యారు.

అంతదూరం ఎందుకు, మన ఈఎస్ఐలోనే, అంటే కార్మికుల బీమాలోనే, ఈ పద్ధతుంది. మహారాష్ట్ర, బెంగాల్ లాంటి చోట్ల డిస్పెన్సరీతో పనిలేకుండా ప్రైవేట్ డాక్టర్నే ప్యానెల్‌లో పెట్టుకుని, ఆయన దగ్గర పేరు రాయించుకున్న కార్మికుడి కుటుంబానికి ఏడాదికింత అని ఇస్తారు. మనవైపు జనం ఈఎస్ఐ అంటే డిస్పెన్సరీ క్యూ మాత్రమే అనుకుంటారు.

లెక్క ఒకటి వేసి చూద్దాం, ఊరికే ఉదాహరణకి. ఇప్పుడు 150 ఫీజుతో రోజుకి 40 మంది, నెలకి 25 రోజులు చూస్తే లక్షన్నర. తలకింత పద్ధతిలో 2000 మంది పేర్లు, తలకి ఏడాదికి వెయ్యి అనుకుంటే ఏడాదికి 20 లక్షలు, నెలకి లక్షా అరవై ఆరు వేలు. దగ్గర్దగ్గర సమానం. తేడా ఎక్కడంటే, మొదటి పద్ధతిలో జనం జబ్బు పడితేనే నాకు డబ్బు, రెండోదాంట్లో జనం జబ్బు పడకపోతే నాకు సుఖం. బీపీ మాత్ర మానేసిన బాబాయ్ గారికి కాంపౌండర్ చేత ఫోన్ చేయించాలని నాకే అనిపిస్తుంది, ఎందుకంటే ఆయన రేపు పక్షవాతంతో వస్తే తలనొప్పి నాదే.

కానీ ఈ లక్షన్నర లెక్క అబద్ధం, అసలు మాట ఇక్కడుంది. క్లినిక్ ఫీజుల మీద బతుకుతుందని బయటివాళ్లు అనుకుంటారు, పాలసీలు రాసేవాళ్లు కూడా అదే అనుకుంటారు. మన టౌన్లలో చాలా క్లినిక్‌లు బతికేది గోడ పక్కనున్న మందుల షాపు మీద, ఎదురుగా ఉన్న ల్యాబ్ మీద. షాపు డాక్టరు గారి బామ్మర్దిదో, భార్య పేరు మీదో ఉంటుంది. జనరిక్ స్ట్రిప్ మీద ఎంఆర్‌పీకీ కొన్న ధరకీ పొంతనే ఉండదు, ఆ తేడాతోనే అద్దె కడుతున్నారు, పిల్లల ఫీజులు కడుతున్నారు. పేషెంట్‌ని పెద్ద హాస్పిటల్‌కి పంపితే డబ్బు కవర్ పంపేవాళ్లున్నారు. కమీషన్లు తీసుకోకూడదని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే రాసుంది, ఎవరికి తెలీదు. ఫీజు 150 దగ్గర ఆగిపోయి ఉండటానికి కారణం కూడా ఇదే, ఫీజు పెంచితే పేషెంట్ పక్క వీధికి పోతాడు, మందుల్లో పడితే పేషెంట్‌కి తెలీదు.

కాబట్టి సర్కారు ఫీజు ఒక్కటే లెక్కేసి, చీటీకింతైనా తలకింతైనా ఇస్తానంటే ఏం జరుగుతుందంటే, ఫీజు సర్కారు కడుతుంది, షాపు బిల్లు పేషెంట్ కడతాడు, అందరికీ ఉచిత వైద్యం అని బోర్డు ఉంటుంది, మామ్మగారు మాత్రం ఎప్పట్లాగే బయటికొచ్చి 800 ఇచ్చి మందుల కవర్ తీసుకుంటుంది. నా దృష్టిలో ఏది మేలన్నది తేల్చేది ఈ ఒక్క విషయమే. మందులు, టెస్టులు డాక్టర్ ఆదాయంలోంచి ఏ పద్ధతి బయటికి తీస్తుందో అదే మేలు. జీతం పద్ధతి తీస్తుంది, కానీ మేం రాం. చీటీ పద్ధతి తియ్యదు, చీటీలు పెరిగితే షాపు బిల్లులూ పెరుగుతాయి. తలకింతలో తియ్యొచ్చు, ఒక షరతు మీద: బీపీ, షుగరు, థైరాయిడ్, యాంటీబయాటిక్స్ లాంటి రోజువారీ మందులు పీహెచ్‌సీకి ఇచ్చినట్టే క్లినిక్‌కీ సర్కారే సప్లై చెయ్యాలి, రక్తం శాంపిల్ సర్కారు ల్యాబ్‌కే పోవాలి, షాపులో పోయే ఆదాయానికి సరిపడా తల రేటు ఉండాలి. వెయ్యి చాలదు.

తలకింతలో దొంగదారులు లేవా అంటే బోలెడు. డబ్బు ముందే వచ్చేసింది కదా అని డాక్టరు ప్రతివాణ్ణీ జిల్లా ఆసుపత్రికి రాసి పంపెయ్యొచ్చు. కుర్రాళ్ల పేర్లు రాసుకుని, డెబ్భై దాటినవాళ్లు వస్తే ఖాళీల్లేవనొచ్చు. రెండోదానికి ఇంగ్లండ్‌లో మందుంది, ముసలివాళ్లకి, చంటిపిల్లలకి లెక్కలో బరువు ఎక్కువ, 2004 నుంచి ఆ ఫార్ములానే నడుస్తోంది. అదే ఏడాది బీపీ కంట్రోల్ లాంటివాటికి విడిగా కొంత డబ్బు కూడా పెట్టారు. మొదటిదానికి మాత్రం ఒకటే దారి, నచ్చకపోతే పేషెంట్ తన పేరు వేరే డాక్టర్ దగ్గరికి మార్చుకోగలగాలి, ఆధార్‌లో అడ్రస్ మార్చినంత కష్టం కాకుండా.

మిగతా ఆప్షన్లు కూడా అడుగుతున్నారు. ప్రైవేట్ ఇన్సూరెన్స్‌లో ఓపీ ప్లాన్లు: ఆఫీసు ఉద్యోగులకి ఓకే, కూలి పనికెళ్లేవాళ్లకి కాదు. ఈ-సంజీవని ఫోన్ వైద్యం: ఆంధ్రాలో బాగా వాడారు, తోడుగా పనికొస్తుంది, అసలుగా కాదు. ఆర్‌ఎంపీలని కలపాలా అన్నది వేరే యుద్ధం, ఇక్కడ మొదలెడితే కామెంట్లన్నీ దాని మీదే పడతాయి.

పిల్లలకి నా సలహా, ఇవాళ్టికి. క్లినిక్ పెట్టాలనుంటే పెట్టండి, కానీ మొదటి రోజు నుంచి పేషెంట్ వివరాలు మీ దగ్గరే రాసి పెట్టుకోండి, ఆభా నంబరుంటే (సర్కారు ఇచ్చే ఆరోగ్య ఐడీ) అది, లేకపోతే ఫోన్ నంబరు, బీపీ ఎంత, ఏ మందు, మళ్లీ ఎప్పుడు రావాలి. ఇప్పుడు మా అందరి రికార్డులూ పేషెంట్ చేతిలోని ప్లాస్టిక్ కవర్‌లో ఉన్నాయి, రేపు తలకింత అన్నప్పుడు నీ తలలేవి అని అడిగితే చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. రెండోది, వీలైతే షాపు పెట్టకండి, ఫీజు 150 బదులు 250 పెట్టుకోండి, మొదటి రెండేళ్లు పేషెంట్లు తక్కువే వస్తారు, ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోండి. షాపు మీద బతకడం ఒకసారి అలవాటైతే మానడం ఎంత కష్టమో మా బ్యాచ్‌లో ఎవర్నడిగినా చెప్తారు, నన్ను కలుపుకుని.