ఖాళీగా వచ్చే నాలుగడుగుల పంచింగ్ బ్యాగ్ కిట్: కొనొచ్చు, కానీ గొలుసూ గ్లవ్సూ మార్చుకోవాలి

ఇంట్లో బాక్సింగ్ సాధన మొదలుపెట్టేవాళ్లలో చాలామంది కొనేది ఇలాంటి కిట్‌నే. నాలుగడుగుల పొడవు, దాదాపు 35 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఖాళీ కవరు, నాలుగు పాయల గొలుసు, పైకప్పుకు బిగించే కొక్కెం, ఒక జత గ్లవ్స్, చేతికి చుట్టుకునే పట్టీలు అన్నీ ఒకే ప్యాకెట్లో వస్తాయి. కొనొచ్చా అంటే కొనొచ్చు. అయితే అందులో నమ్మి వాడదగ్గవి కవరూ పట్టీలూ మాత్రమే. గొలుసు, కొక్కెం, గ్లవ్స్ చాలా కిట్లలో పేరుకు ఇచ్చినవే. పైగా ఆ కవరును బ్యాగుగా మార్చే పని, అంటే లోపల కూరడం, పైన వేలాడదీయడం, కొన్నవాళ్లే చేసుకోవాలి. బ్యాగు మంచిదో కాదో తేలేది ఆ రెండు పనుల దగ్గరే.

కవరు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. తోలుది అన్నిటికన్నా మన్నుతుంది, కానీ చెమట తుడుస్తూ ఉండకపోతే బిరుసెక్కుతుంది. పీయూ, అంటే ఒక రకం కృత్రిమ తోలు, కవరు ఇంటి సాధనకు సరిపోతుంది. పలచటి రెక్సిన్‌ది మడతల దగ్గర పగుళ్లిచ్చి కొన్ని నెలల్లో పొట్టు రాలుతుంది. కాన్వాస్ గట్టిదే, అయితే గరుకు కాబట్టి గ్లవ్సును త్వరగా అరగదీస్తుంది, చెమట పీల్చుకుని వాసన పడుతుంది. రకం ఏదైనా ముందు చూడాల్సింది పై అంచు. గొలుసు తగిలించే డి రింగులను పట్టుకున్న బెల్టులు కవరు పక్కలమీదుగా కనీసం ఒక జానెడు కిందికి దిగి, అక్కడ అడ్డంగా, నిలువుగా రెండుసార్లు కుట్టి ఉండాలి. అంచు దగ్గర నాలుగు వేళ్ల మేర మాత్రమే కుట్టి వదిలేసిన కవరు 35 కిలోలు పడగానే అక్కడే చిరగడం మొదలవుతుంది. జిప్పు పైభాగంలో ఉండి, దానిమీద మూత ఉండాలి. కొట్టే భాగంలో జిప్పు ఉన్న బ్యాగు వద్దు.

ఎంత బరువు? మీ బరువులో సగం దగ్గర మొదలుపెడితే సరిపోతుంది. 70 కిలోల మనిషికి 35 కిలోలు. దెబ్బలో జోరున్నవాళ్లకు 40, 45 కూడా బాగుంటాయి. మరీ తేలికైతే ప్రతి గుద్దుకూ బ్యాగు ఎగిరిపోతుంది, సగం సమయం దాన్ని ఆపడానికే పోతుంది. మరీ బరువైతే అది కదలదు, ఆ అదురంతా మణికట్టుకూ మోచేతికీ తిరిగొస్తుంది.

ఇక కూర్పు. ఈ పనికి ఒక పూట పడుతుంది, తొందరపడితే చెడేది కూడా ఇక్కడే. 35 సెంటీమీటర్ల వ్యాసం, 120 సెంటీమీటర్ల పొడవు అంటే లోపల దాదాపు 115 లీటర్ల చోటు. గట్టిగా దట్టిస్తే అందులో 30 నుంచి 40 కిలోల బట్ట పడుతుంది. ఇంట్లో ఉన్న పాత చొక్కాలు చాలనుకుని మొదలుపెడితే సగానికే ఆగిపోవాల్సి వస్తుంది. దర్జీ దుకాణాల్లో, బట్టల మిల్లుల్లో మిగిలే ముక్కలు దొరికితే అంతకన్నా మంచి సరుకు లేదు. పాత బట్టలైతే జిప్పులు, గుండీలు, హుక్కులు, గట్టి కాలర్లు అన్నీ కత్తిరించి తీసెయ్యాలి. ఒక్క ప్యాంటు గుండీ పైపొరకు దగ్గరగా ఉండిపోయినా అది పిడికిలి కణుపుకు తగులుతుంది, లోపలినుంచి కవరునూ కోస్తుంది. బట్టను అరచేయంత ముక్కలుగా చెయ్యాలి. పొడుగు పేలికలు ఒకదానికొకటి చుట్టుకుపోయి మధ్యలో గుల్ల వదులుతాయి, పదిరోజులకు అక్కడ బ్యాగు నడుము చిక్కిపోతుంది.

కవరు లోపలి గోడ చుట్టూ ముందుగా ఒక పొర పాత దుప్పటి గానీ, రెండు సెంటీమీటర్ల ఫోమ్ షీటు గానీ వెయ్యండి. తర్వాత ముక్కలను జానెడు మందం చొప్పున వేస్తూ, ప్రతి పొరనూ రోకలిలాంటి మొద్దు కర్రతో దట్టించాలి. మధ్యలో మాత్రమే దంచితే అంచులు వదులుగా మిగిలిపోతాయి, అందుకే అంచు వెంబడి గుండ్రంగా వస్తూ చివర్లో మధ్యకు రావాలి. వేసే ముందు బట్టను సంచుల్లో తూచి రాసుకుంటే ఎంత బరువైందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది.

బరువు చాలకపోతే ఇసుక కలపొచ్చు, విడిగా మాత్రం పోయకూడదు. విడి ఇసుక ప్రతి గుద్దుకూ బట్టల సందుల్లోంచి కిందికి జారుతుంది. కొన్ని వారాల్లో బ్యాగు అడుగు బండరాయవుతుంది, పైభాగం మెత్తబడుతుంది. పొట్ట ఎత్తులో కొట్టే దెబ్బకు వేళ్లు విరిగేది అలాంటి బ్యాగు మీదే. పొడి ఇసుకను కిలో, రెండు కిలోల చొప్పున రెండు పొరల పాలిథీన్ సంచుల్లో పోసి, గాలి తీసి, బలమైన టేపుతో నిండా చుట్టాలి. వాటిని బ్యాగు నడిమధ్యన, ఒకదానిపై ఒకటిగా, చుట్టూ కనీసం పది సెంటీమీటర్ల బట్ట ఉండేలా పేర్చాలి. తడి ఇసుక బూజు పడుతుంది. రంపపు పొట్టు కూడా అంతే, తేమ తగిలితే గట్టి ముద్దవుతుంది.

ఎంత బాగా దట్టించినా మొదటి నెలలో కూర్పు దిగుతుంది. దాన్ని లోపమనుకోవద్దు. రెండు వారాలకోసారి తల ఎత్తులో బొటనవేలితో నొక్కి చూడండి. వేలు సగం దాకా దిగిపోతే జిప్పు తీసి మళ్లీ దట్టించి, పైన మూడు నాలుగు కిలోలు కలపాలి. రెండు మూడు సార్లు ఇలా చేశాక బ్యాగు స్థిరపడుతుంది.

వేలాడదీయడంలో రాజీ పడకూడదు. 40 కిలోల బ్యాగు నిశ్చలంగా వేలాడుతున్నప్పుడు 40 కిలోలే. ఊగుతూ, గుద్దుకు ఎగిరి మళ్లీ గొలుసు మీద పడేటప్పుడు కొక్కెం మీద దానికి ఎన్నో రెట్లు లాగుడు పడుతుంది, అదీ రోజుకు వందలసార్లు. ఫ్యాన్ కొక్కేనికి తగిలించొద్దు. అది ఫ్యాన్ బరువు కోసం పెట్టినది, శ్లాబులో ఎంత లోతున ఉందో, తుప్పు ఎంత పట్టిందో బయటికి కనిపించదు. జిప్సం ఫాల్స్ సీలింగ్ సంగతి చెప్పక్కర్లేదు.

కాంక్రీటు శ్లాబుకైతే కిట్‌లో వచ్చే ఒంటి కొక్కెం పక్కనపెట్టి, నాలుగు బోల్టుల ఉక్కు ప్లేటు తీసుకోండి. ఎం10, అంటే పది మిల్లీమీటర్ల మందం ఉన్న, యాంకర్ బోల్టులు (కాంక్రీటు రంధ్రంలో బిగుసుకునేవి) చాలు. శ్లాబులో విద్యుత్ పైపు ఎటు వెళ్తుందో లైటు, ఫ్యాను పాయింట్లను బట్టి అంచనా వేసి, ఆ దారికి దూరంగా, శ్లాబు అంచుకు కనీసం 15 సెంటీమీటర్లు లోపలికి గుర్తు పెట్టాలి. వైర్లు, ఇనుము పసిగట్టే డిటెక్టర్ దొరికితే ఇంకా మంచిది. హ్యామర్ డ్రిల్లుకు బోల్టు ప్యాకెట్ మీద రాసిన సైజు బిట్టునే వాడాలి. ఒక్క మిల్లీమీటరు పెద్దదైనా బోల్టు పట్టదు. లోతు లెక్కలో ప్లాస్టరింగ్ మందాన్ని కలపకూడదు, అది బరువు మోయదు. బిట్టు ఇనుప చువ్వకు తగిలితే కోయొద్దు, ప్లేటును తిప్పి వేరే చోట వెయ్యండి. అందరూ వదిలేసేది దుమ్ము. రంధ్రంలో ఉన్న సిమెంటు పొడిని బ్రష్షుతో, గాలితో పూర్తిగా తీయకపోతే బోల్టు బిగిసినట్టే అనిపించి, వారంలో వదులవుతుంది. బిగించాక బ్యాగు బరువుకు రెట్టింపు బరువు కాసేపు వేలాడదీసి చూసి, ఆ తర్వాతే బ్యాగు తగిలించండి. మొదటి వారం చివర నట్లు మరోసారి బిగించాలి. పెచ్చులూడుతున్న, నీరు కారుతున్న పాత శ్లాబుకు ఏ బోల్టూ వద్దు.

గోడకు బిగించే చెయ్యి బ్రాకెట్ చూడ్డానికి సులువు, లెక్క మాత్రం కఠినం. బ్యాగు గోడకు 60 సెంటీమీటర్ల దూరాన వేలాడుతూ, బ్రాకెట్ పై బోల్టులకూ కింది బోల్టులకూ మధ్య 40 సెంటీమీటర్లు ఉంటే, 40 కిలోల బ్యాగు కదలకుండా ఉన్నప్పుడే పై బోల్టులను 60 కిలోల బలంతో గోడలోంచి బయటికి లాగుతుంటుంది. ఊగితే అది ఇంకా ఎంతో పెరుగుతుంది. గట్టి ఇటుక గోడ, కాంక్రీటు స్తంభం అయితేనే సరే. గుల్ల ఇటుకలకు, తేలికపాటి బ్లాకులకు కాదు.

గొలుసు విషయానికొస్తే, చాలా కిట్లలో ఉండనిది, తప్పక కొనాల్సింది స్వివెల్, అంటే బ్యాగుతో పాటు గుండ్రంగా తిరిగే ఇనుప జోడింపు. అది లేకపోతే హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే గుద్దు) కొట్టిన ప్రతిసారీ నాలుగు పాయలూ మెలిపడి, వాటి భారమంతా ఒకే లంకె మీదికి వస్తుంది. ఎస్ ఆకారపు కొక్కేల బదులు మరబిగింపు ఉన్న షాకిల్ (యు ఆకారపు ఇనుప కొండీ) వాడండి, ఎగిరినా ఊడిరాదు. పై అంతస్తులో, పక్కింట్లో మనుషులుంటే గొలుసుకూ ప్లేటుకూ మధ్య బ్యాగు బరువుకు తగిన స్ప్రింగు పెట్టాలి. మెత్తటి ధబ్బుమనే శబ్దం గది దాటకపోవచ్చు గానీ, ఇనుములోంచి శ్లాబులోకి పాకే అదురు భవనమంతా వినిపిస్తుంది.

ఎత్తు: బ్యాగు పైఅంచు మీ తలకు కొంచెం పైన ఉండాలి. 170 సెంటీమీటర్ల మనిషికి పైఅంచు నేలనుంచి 180 దగ్గర, అడుగు 60 దగ్గర వస్తాయి. అప్పుడు గడ్డం ఎత్తుకూ పొట్ట ఎత్తుకూ చోటుంటుంది. చుట్టూ కనీసం మీటరు ఖాళీ వదలాలి. కాలితో కిందికి కొట్టే సాధన కావాలంటే నాలుగడుగులది చాలదు, ఆరడుగుల బ్యాగు తీసుకోవాలి. పైకప్పుకు కన్నం వెయ్యలేని అద్దె ఇంట్లోవాళ్లు నేలమీద నిలిచే బ్యాగువైపు చూస్తారు. దాని పునాదిలో నీళ్లకన్నా ఇసుక నింపితే ఒకటిన్నర రెట్ల బరువు వస్తుంది, కారదు కూడా. అయినా బలంగా కొడితే జరుగుతుంది, వేలాడే బ్యాగు తిరిగొచ్చే లయ దానికి ఉండదు. వేగం, ఫిట్‌నెస్ చాలనుకునేవాళ్లకు పర్వాలేదు.

కిట్ గ్లవ్స్‌ను ఒకసారి నొక్కి చూడండి. వేళ్లకు లోపలి గుడ్డ తగిలిందంటే ఆ ఫోమ్ బ్యాగుకు ఆగదు. 12 నుంచి 16 ఔన్సుల గ్లవ్స్ విడిగా కొనాలి, మణికట్టు చుట్టూ వెడల్పాటి వెల్క్రో పట్టీ ఉండాలి. చేతిపట్టీలు నాలుగున్నర మీటర్లవి మేలు. బొటనవేలికి ఉచ్చు తగిలించి, చెయ్యి వెనకవైపునుంచి మణికట్టుకు మూడు చుట్లు, వేళ్లు బాగా చాపి కణుపులకు మూడు చుట్లు, వేళ్ల సందుల్లోంచి ఒక్కోటి, బొటనవేలికి ఒకటి, మిగిలినదంతా మళ్లీ మణికట్టుకు. పిడికిలి బిగిస్తే పట్టీ బిగుతవ్వాలి, వదిలితే వదులవ్వాలి. తిమ్మిరెక్కితే విప్పి మళ్లీ చుట్టాలి.

దెబ్బ చూపుడు వేలు, మధ్యవేలు కణుపుల మీద పడాలి. పిడికిలి, మణికట్టు, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. చేతిని వెడల్పుగా విసిరితే భారం చిటికెన వేలి వైపు పోతుంది. ఆ వేలి వెనకున్న అరచేతి ఎముక సన్నటిది. అది విరగడాన్నే బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు. మొదటి రెండు వారాలు సగం బలంతోనే కొట్టండి. కండలు త్వరగా అలవాటు పడతాయి, కండను ఎముకకు కలిపే స్నాయువులకు ఎక్కువ కాలం పడుతుంది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం. పది నిమిషాలు తాడు ఆట, గాల్లో గుద్దుల తర్వాత, రెండు నిమిషాల రౌండు, ఒక నిమిషం విశ్రాంతి చొప్పున నాలుగు రౌండ్లు. మొదటి రౌండు జాబ్ (ముందు చేత్తో తిన్నగా కొట్టే గుద్దు) ఒక్కటే, రెండోది జాబ్, క్రాస్ (వెనక చేత్తో తిన్నగా కొట్టేది), మూడోదాంట్లో హుక్ కలపాలి, నాలుగోది పొట్ట ఎత్తులో మోకాళ్లు వంచి. నెల తర్వాత మూడు నిమిషాలకు పెంచొచ్చు.

బ్యాగును తొయ్యకూడదు, కొట్టాలి. చెవితోనే తేడా తెలుస్తుంది. గుద్దు తగిలి వెంటనే వెనక్కొస్తే పొట్టిగా ఠప్‌మంటుంది, బ్యాగు అక్కడే వణుకుతుంది. చెయ్యి దానిమీదే ఆగిపోతే శబ్దం చప్పగా ఉండి, బ్యాగు పెద్ద ఊపుతో దూరం పోతుంది. ఊగుతూ మీదికొస్తున్న బ్యాగుకు ఎదురుగా నిలబడి కొట్టొద్దు, మణికట్టు వెనక్కి విరుచుకునేది అప్పుడే. ఒక అడుగు పక్కకేసి, అది నిట్టనిలువుకు వచ్చే క్షణంలో కొట్టాలి.

సాధన అయ్యాక బ్యాగును పొడిగుడ్డతో తుడిచి, గ్లవ్స్ నోరు తెరిచి గాలికి పెట్టండి. నెలకోసారి నిచ్చెనేసుకుని పైకి చూడండి. బ్యాగు మూత మీద సన్నటి నల్లటి పొడి రాలి ఉందంటే అది ఇనుము అరిగిన పొడి. లంకె, షాకిల్ ఒకదానికొకటి తగిలేచోట వేలితో తడిమితే గోరు ఇరుక్కునేంత గాడి తగులుతుంది. ఆ రెండు ముక్కలనూ అదేరోజు మార్చేసి, కొత్త వాటికి కాస్త గ్రీజు రాయండి.