తేలడం, మునగడం పాఠానికి ఏది మేలు: వీడియోనా, సిమ్యులేషనా?

విశాఖలో పెరిగిన పిల్లల్లో రామకృష్ణా బీచ్ ఒడ్డున ఉన్న కుర్సుర జలాంతర్గామిని చూడనివారు అరుదు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో సేవ ముగించుకున్న ఆ నౌక, 2002 నుంచి మ్యూజియంగా నిలిచి ఉంది. తొంభై మీటర్లకు పైబడిన ఆ ఇనుప నౌక నీటిపై ఎలా తేలిందని, కావాలనుకున్నప్పుడు ఎలా మునిగిందని తొమ్మిదో తరగతిలో అడిగితే మాత్రం, "బరువున్నది ములిగిపోద్ది సార్" అన్న జవాబే ముందుగా వస్తుంది. పాఠం సరిచేయవలసింది ఆ ఊహనే. ఉచితంగా దొరికే సాధనాల్లో ఇందుకు నేను వాడి చూసినవి రెండు: యూట్యూబ్‌లోని పాఠాల వీడియోలు, కంప్యూటర్ తెరమీద అంకెలు మార్చి ఏమవుతుందో చూసే ఫెట్ సిమ్యులేషన్లు.

ఖర్చు విషయంలో రెండూ ఉచితమే అయినా, వీడియోకు డేటా కావాలి. ఉపాధ్యాయుడి ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే తరగతిలో, సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయిన క్షణంలో పాఠం తిరిగే చక్రం దగ్గర ఆగిపోతుంది. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్‌లో, ఒక్కో సిమ్యులేషన్‌ను ఇంటి దగ్గరే దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. బ్రౌజర్ ఉంటే చాలు, నెట్ లేకుండానే నడుస్తుంది. కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి.

అసలు తేడా తెరమీద కనిపిస్తుంది. సాంద్రత (అంటే లీటరుకు ఎన్ని కిలోలన్నది) సిమ్యులేషన్‌లో ఒక దిమ్మ ఘనపరిమాణాన్ని 5 లీటర్ల దగ్గర నిలిపి, ద్రవ్యరాశి స్లయిడర్‌ను 2 కిలోలకు పెడితే అది తేలుతుంది. 4 కిలోలకు జరిపితే మరికొంత దిగుతుంది, కానీ ఇంకా తేలుతూనే ఉంటుంది. ఇక్కడ ఆగి, ఎన్ని కిలోల దగ్గర మునుగుతుందో అందరినీ నోట్‌బుక్‌లో రాయమంటాను. రాసిన తరువాతే ఒక పిల్లను పిలిచి, తరగతిలోని టచ్ ప్యానెల్ మీద స్లయిడర్‌ను వేలితో జరపమంటాను. 5 లీటర్ల నీటి బరువైన 5 కిలోలు దాటగానే దిమ్మ అడుగుకు చేరుతుంది. ఆకారం మారలేదు, పరిమాణం మారలేదు, లోపలి బరువు మాత్రమే పెరిగింది. ట్యాంకుల్లోకి సముద్రపు నీటిని నింపుకుని జలాంతర్గామి చేసేదీ ఇదేనని, మా తరగతిలో నేను చెప్పకముందే ఎవరో ఒకరు పట్టేస్తారు. వీడియో ఎంత బాగా తీసినదైనా, ప్రశ్న పిల్లవాడి మనసులో పుట్టకముందే జవాబు చెప్పేసి ముందుకు సాగిపోతుంది. మధ్యలో ఆపి అడగవచ్చు గాని, మనం కోరిన అంకె వేసి చూపడం దానివల్ల కాదు.

సిమ్యులేషన్‌కూ తన చిక్కులున్నాయి. మొదటిసారి వాడిన రోజున, ఏ ప్రశ్నా ముందుగా సిద్ధం చేసుకోకుండా పిల్లలను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టాను. వాళ్లు పీరియడ్ అంతా ఇటుకలను ఎత్తి నీళ్లలో పడేస్తూ సంతోషంగా గడిపారు, ఒక్క సాంద్రతైనా లెక్కకట్టలేదు. అది నా తప్పే, ఎందుకంటే సిమ్యులేషన్ తనంత తాను ఏమీ వివరించదు, ఏ క్రమంలో ఏది మార్చాలన్నది ఉపాధ్యాయుడే నిర్ణయించాలి. తయారీకి తీరిక లేని రోజున చక్కని తెలుగులో వివరించే వీడియోయే నయం, పైగా బడికి రాలేకపోయిన పిల్లవాడు దాన్ని ఇంటి దగ్గర ఎన్నిసార్లైనా చూసుకోగలడు. జలాంతర్గామి లోపలి ట్యాంకులు, సంపీడన గాలితో నీటిని బయటికి నెట్టి అది పైకి తేలే దృశ్యం వంటివి కూడా వీడియోలోనే చూడాలి. సిమ్యులేషన్‌లోని రంగు దిమ్మ ఎంతసేపటికీ బొమ్మగానే ఉంటుంది.

బొమ్మ కావడం వల్ల వచ్చే అనుమానం ఇంకొకటి. "కంప్యూటర్లో అలాగ పెట్టేసుంటారు సార్" అని ఒక కుర్రాడు అన్న తరువాత, నేను ఒక బకెట్ నీళ్లు, ఒక కమలాపండు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. తొక్కతో వేస్తే పండు తేలుతుంది, తొక్క వలిచి వేస్తే మునుగుతుంది. తొక్కలోని గాలి పోయి, బరువు తగ్గిన పండే మునిగిందని చూశాక, బరువే కారణమన్న ఊహ మీద తరగతికి నమ్మకం సడలుతుంది. ఈ రెండు సాధనాలకంటే చవకైనది, కరెంటు పోయినా ఆగనిది ఇదే కావడం కొంత విడ్డూరమే. అయితే పండు బరువును పావుకిలో చొప్పున పెంచుతూ పరిమాణాన్ని స్థిరంగా ఉంచడం బకెట్‌లో సాధ్యం కాదు. సిమ్యులేషన్ అవసరం సరిగ్గా అక్కడే పడుతుంది.

కాబట్టి ఈ పాఠానికి ఒక్కటే ఎంచుకోమంటే నేను సిమ్యులేషన్‌కే ఓటు వేస్తాను. జీర్ణవ్యవస్థ, అగ్నిపర్వతం వంటి పాఠాలకైతే వీడియోనే ఎంచుకుంటాను, ఎందుకంటే అక్కడ పిల్లలు ముందుగా చూడవలసింది అసలు రూపాన్ని. ప్రస్తుతం నా పీరియడ్‌లో మొదట పండు, ఆ తరువాత ఇరవై నిమిషాలు స్లయిడర్, చివర మూడు నిమిషాలు జలాంతర్గామి వీడియో, అదీ ముందురోజు రాత్రే దించుకుని పెట్టుకున్నది.