వరంగల్ మట్టెవాడ పాతింట్లో కింది అర్ర చెమ్మ: పూతలు, మోటారు, డంగు సున్నం కొన్నేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. లోపలి గోడకు పూసిన మందులేవీ మా కింది అర్రను ఆరబెట్టలేదు. బయట నేల వాలు సరిచేయడం, గోడ వెంబడి కంకర కాలువ, ఒక చిన్న మోటారు, డంగు సున్నం పూత, ఈ నాలుగూ కలిసి ఆరబెట్టాయి. 2021 ఎండాకాలంలో చేయించాం, అప్పటి నుంచీ వాడుతున్నాం.

ఇల్లు మా తాత మిర్చి వ్యాపారం చేసిన రోజుల్లో కట్టింది. రెండడుగుల మందం రాతి గోడలు, సున్నం కట్టుబడి, కింద షాబాద్ బండలు. బస్తాలు పెట్టుకోవడానికి నేలలోకి దింపి ఒక అర్ర కట్టారు. ఇప్పుడు అందులో మా తమ్ముడి జంపఖానాలు ఉంటాయి, కొత్తవాడ మగ్గాల మీది సరుకు. నూలుకు బూజు పట్టిందంటే ఆ వాసన ఉతికినా పోదు. అందుకే ఇంత పట్టింపు.

2020 ఆగస్టులో ఊళ్లో సగం మునిగినప్పుడు అర్రలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. అవి తోడేస్తే పోయాయి. పోనిది చెమ్మ. చుక్క వాన లేని చలికాలంలో కూడా గోడ అడుగున నడుము ఎత్తు దాకా తడి మరక, దాని పై అంచున తెల్లటి ఉప్పు. టార్చి వేసి దగ్గరగా చూస్తే ఆ ఉప్పు దూది పింజల్లా గోడలోంచి మొలిచి కనిపించేది, వేలు తగలగానే పొడై రాలేది. ఆ పక్కన ప్లాస్టర్ మీద తడితే లోపల డొల్ల చప్పుడు.

అంతకుముందే ఒక కంపెనీ వాళ్లు వచ్చి, పాత సున్నం చెక్కేసి, సిమెంటు ప్లాస్టర్ చేసి, పైన వాటర్‌ప్రూఫ్ కెమికల్ రెండు కోట్లు కొట్టి, పదేళ్ల గ్యారంటీ కాగితం చేతిలో పెట్టారు. రెండో వానాకాలానికే పొక్కులు లేచాయి. ఫోన్ చేస్తే, గోడలో తేమ ఉంది కాబట్టి గ్యారంటీ వర్తించదన్నారు. తేమ పోగొట్టడానికే పిలిచిన మనిషి నుంచి ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆ పూత ఎందుకు నిలవలేదో తర్వాత అర్థమైంది. నేలలో నిలిచిన నీళ్లు గోడను అవతలి నుంచి నెడతాయి. మీటరు ఎత్తు నీళ్లుంటే అడుగున చదరపు మీటరుకు దాదాపు టన్ను బరువు పడుతుంది. ఇవతల అతికించిన పొర దానికి ఎంతసేపు ఆగుతుంది? కాంక్రీటు గోడలైతే లోపలి నుంచి వేసే పూతలు కొన్ని పనిచేస్తాయి. రాయీ సున్నం గోడ, అందులోనూ ఉప్పు పట్టింది, దాని మీద వాటికి పట్టు దొరకదు. సిమెంటు ప్లాస్టర్ ఇంకో నష్టం చేస్తుంది: గోడలో తేమను ఆరనివ్వదు. ఆరే దారి మూసుకుపోతే అది ఇంకా పైకి ఎక్కుతుంది.

కరీమాబాద్ నుంచి ఒక పెద్ద వయసు మేస్త్రి వచ్చాడు. గోడంతా తడిమి చూసి, "సార్, ఇప్పుడే పని మొదలు పెట్టకుండ్రి. వాన పడ్డంక ఎన్ని గంటలకు నీళ్లొస్తున్నయో రాసి పెట్టుండ్రి. మిగతది నేను జెప్త" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన సలహా ఇదే, పైసా ఖర్చు లేనిది కూడా ఇదే. వాన మొదలైన కొన్ని గంటల్లో తడి వస్తే అది పై నుంచి, అంటే స్లాబ్ పైపుల నుంచో వాకిట్లోంచో దిగే నీరు. వాన వెలిసిన రోజులకు వచ్చి వారాల తరబడి ఉంటే భూగర్భ జలం. వానతో పని లేకుండా ఎప్పుడూ ఒకేచోట తడి ఉంటే పైపు పగిలిందో, ఇంకుడు గుంత దగ్గరుందో చూసుకోవాలి.

మా ఇంట్లో ఈ మూడూ ఉన్నాయి.

వీధి వైపు గోడది మొదటి రకం. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయి వీధి మా వాకిలి కంటే ఎత్తయింది, వాన నీళ్లన్నీ గోడ మొదట్లోకే వచ్చి ఆగుతున్నాయి. స్లాబ్ పైపు కూడా అక్కడే పడుతోంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 930 లీటర్ల నీళ్లు. అన్ని నీళ్లనూ పునాది పక్కన గుమ్మరిస్తూ లోపల ఏ మందు పూస్తే ఆగుతుంది?

రెండోది పెరట్లో చేదబావి పట్టించింది. తాడుకు ముడులు వేసి నీటి మట్టం కొలుస్తూ వచ్చాను. బావిలో నీళ్లు అర్ర నేల మట్టానికి చేరినప్పుడల్లా షాబాద్ బండల సందుల్లో సన్నగా మెరుపు కనిపించేది, మర్నాటికి బండ తడిసేది. బావి ఉన్న పాత ఇంటివాళ్లకు ఇంతకంటే మంచి పరికరం లేదు. మూడోది స్నానాల గది మూలన. ఆ తూములో రంగు కలిపిన నీళ్లు పోశాం, మరుసటి రోజు కింద గోడ మీద అదే రంగు తేలింది. పైపు ముక్క మార్చాక ఆ మూల తడి ఆగింది.

ప్లాస్టిక్ షీటు పరీక్ష కూడా చేశాం: రెండడుగుల ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అతికించి ఒకటి రెండు రోజులు వదిలేయడం. షీటు వెనక, గోడ వైపు నీటి బిందువులుంటే గోడలోంచి వస్తున్నట్టు. మన వైపు ఉంటే గదిలోని గాలి తేమ చల్లటి గోడకు తగిలి చెమర్చినట్టు. మాకు రెండు వైపులా వచ్చాయి. వానాకాలంలో గాలి ఆడాలని కిటికీలు బార్లా తెరిచి పెట్టేవాళ్లం. తెరిచే కొద్దీ ఇంకా చెమర్చేది. ఇప్పుడు ముసురు పట్టిన రోజుల్లో మూసి, సంక్రాంతి దాటాక పొడిగాలికి తెరుస్తున్నాం.

ఇక పనుల సంగతి. బయట నేలను గోడ నుంచి పదడుగులకు అర అడుగు వాలుండేలా మట్టి కొట్టించి, స్లాబ్ పైపును దూరంగా మళ్లించాం. తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం. దీని గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

కాలువకు కూలీ చాలా అయింది. గోడ వెంబడి తవ్వి, చిల్లుల పీవీసీ పైపు, చుట్టూ కంకర, మట్టి చొరబడకుండా జియోటెక్స్‌టైల్ బట్ట. ఒక్క జాగ్రత్త: పాత రాతి గోడ పక్కన గోడ పొడవునా ఒకేసారి తవ్వనివ్వొద్దు, పునాది అడుగు కంటే లోతుకు అసలే పోవద్దు. మా మేస్త్రి ముక్కలు ముక్కలుగా తవ్వి, ఒకటి పూడ్చాకే ఇంకొకటి మొదలుపెట్టాడు. పైపు చివర అర్ర మూలన సిమెంటు రింగులతో గుంత, అందులో అర హెచ్‌పీ మోటారు, దానికి ఫ్లోట్ స్విచ్, అంటే గుంతలో నీళ్లు పెరగగానే తేలి మోటారును తానే ఆన్ చేసేది.

2023 జూలై చివరి వారం దీనికి అసలు పరీక్ష. 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. వరంగల్, హన్మకొండల్లో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. వీధి మోరీ నిండిపోయి నీళ్లు మా మోటారు బయటికి వదిలే పైపులోకి ఎదురు తన్నే పరిస్థితి. నీళ్లను ఒక్క వైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ ఉండబట్టి లోపలికి రాలేదు. కరెంటు పోయాక ఇన్వర్టర్ మీద కొంతసేపు నడిచింది, తర్వాత అదీ దిగిపోయి బండల మీద రెండు వేళ్ల మందం నీళ్లు చేరాయి. సరుకు చెక్క దిమ్మెల మీదుంది కాబట్టి తడవలేదు. కొనేటప్పుడు మోటారు ధర కన్నా, కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుందో చూసుకోండి.

ఎప్పుడైనా సెల్లార్ నిండా నీళ్లు చేరితే మాత్రం ఆత్రపడి ఒక్కరోజులో తోడేయకండి. బయట మట్టి ఇంకా నీళ్లు పట్టి ఉంటుంది, లోపల ఎదురు ఒత్తిడి లేకపోతే గోడ లోపలికి కూలే ప్రమాదం ఉంది. రోజుకు రెండు మూడు అడుగులు దించితే చాలు. మెయిన్ కట్టేయకుండా ఆ నీళ్లలో కాలు పెట్టొద్దు.

సిమెంటంతా చెక్కించేసి డంగు సున్నం పూయించాం. తడి సున్నం, ఇసుక గానుగ పట్టి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి చేసే పాత పద్ధతి. తెలిసిన మేస్త్రి దొరకడమే కష్టం. గట్టిపడటానికి వారాలు పడుతుంది, ఎండకుండా తడుపుతూ ఉండాలి. మేకు కొడితే రాలుతుంది. ప్లాస్టిక్ పెయింట్ వేయకూడదు, వెల్ల మాత్రమే. అయినా నేను దీన్నే మెచ్చుకుంటాను. గోడ తనంతట తాను ఆరుతోంది. అంగుళం మందం ఆరడానికి నెల చొప్పున లెక్క వేసుకోమంటారు. రెండడుగుల గోడ కదా, మాకూ మొదటి ఏడాది పెద్దగా తేడా తెలియలేదు. రెండో ఏడాది నుంచి మరక కిందికి దిగింది.

ఉత్తరం మూల ఇంకా పూర్తిగా బాగుపడలేదు. గోడలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చి శ్రావణంలో మళ్లీ చెమ్మగిల్లుతోంది. అక్కడ ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి బయట పారేస్తున్నాం. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆ నాలుగడుగుల పూత ఉప్పు తాగేసింది, వచ్చే ఎండాకాలం దాన్ని చెక్కించి కొత్తగా పూయిస్తాం.

మోటారును మాత్రం ఏటా రోహిణి కార్తెలోనే చూసుకుంటాం. గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసి, ఫ్లోట్ లేస్తోందా, వాల్వ్‌లో చెత్త ఇరుక్కుందా చూడటం పది నిమిషాల పని. మృగశిర దాటాక రిపేరు మనిషిని పిలిస్తే దొరకడు.