కాస్కేడ్స్‌లో స్కీయింగ్: చాలా చలికాలాలుగా నేను నమ్ముకున్న వెదర్ పేజీలు

సియాటిల్, బెల్వ్యూ వైపు ఉండే మన తెలుగువాళ్లలో పిల్లలకి స్కీయింగ్ నేర్పిద్దామని శనివారం పొద్దున్నే కాస్కేడ్స్ కొండల వైపు ఐ-90 హైవే ఎక్కేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ముందురోజు రాత్రి ఫోన్‌లో వెదర్ యాప్ తెరుస్తారు. మంచు బొమ్మ పక్కన "8 అంగుళాలు" అని కనిపిస్తే ఇక రెండో ఆలోచన ఉండదు. ఆ అంకె ఒక్కటే చూసి బయల్దేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ప్రతి ట్రిప్పుకీ వాడేవి రెండు: నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ల పాయింట్ ఫోర్‌కాస్ట్, మంచు చరియలు (అవలాంచ్) విరిగిపడే ప్రమాదాన్ని అంచనా వేసే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వాళ్లు కొండల మీది వాతావరణ స్టేషన్ల నుంచి ఇచ్చే రీడింగులు. రెండూ ఉచితం. ఈ కొండల వరకు వీటిని మించినవి నాకింకా కనబడలేదు.

పాయింట్ ఫోర్‌కాస్ట్‌లో ఊరి పేరు కొట్టి ఊరుకోకూడదు. మ్యాప్ మీద సరిగ్గా లిఫ్టులున్న చోట నొక్కాలి. అప్పుడు రెండున్నర కిలోమీటర్ల గడి ఒకదానికి అంచనా వస్తుంది, ఆ గడి ఎత్తు ఎన్ని అడుగులో కూడా పేజీలోనే ఉంటుంది. ముందు ఆ ఎత్తు చూడండి. నిటారుగా ఉండే కొండ మీద ఒక్క గడి పక్కకి జరిగినా వందల అడుగుల తేడా వచ్చేస్తుంది, దాంతో అంచనా కూడా మారిపోతుంది.

ఆ తర్వాత చూడాల్సింది స్నో లెవెల్. ఏ ఎత్తుకి పైన మంచుగా, ఏ ఎత్తుకి కింద వానగా పడుతుందో చెప్పే గీత అది. ఫ్రీజింగ్ లెవెల్ అని ఇంకొకటి కనిపిస్తుంది, రెండూ ఒకటి కావు. గాలి 32 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే ఎత్తు ఫ్రీజింగ్ లెవెల్. అక్కణ్నుంచి పడే మంచు కరగడానికి కొంత దూరం పడుతుంది కాబట్టి స్నో లెవెల్ సాధారణంగా దానికంటే వెయ్యి అడుగులు కిందుగా ఉంటుంది. స్నోక్వాల్మీ పాస్ (రోడ్డు కొండలు దాటే కనుమ) ఎత్తు సుమారు 3,000 అడుగులు, స్టీవెన్స్ పాస్ 4,061, క్రిస్టల్ మౌంటెన్ బేస్ దాదాపు 4,400. స్నో లెవెల్ 3,500 అని ఉందనుకోండి. అదే తుఫానులో స్నోక్వాల్మీ బేస్‌లో పిల్లల గ్లవ్స్ వానకి తడిసి ముద్దవుతాయి, స్టీవెన్స్‌లో చక్కగా మంచు కురుస్తుంది. ఏ కొండకి వెళ్లాలో నేను తేల్చుకునేది దీన్ని బట్టే.

స్నో లెవెల్ పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది కూడా అంతే ముఖ్యం. వానతో మొదలై చలి పెరుగుతూ మంచుగా మారితే కింద బరువైన పొర, పైన తేలికైన పొర ఏర్పడతాయి, స్కీలు హాయిగా జారతాయి. మంచుతో మొదలై వానగా మారితే పైపొర నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. ఆ రాత్రి ఆకాశం తేటపడి చలి ముదిరితే తెల్లారేసరికి అంతా గట్టి ఐసు. అంగుళాల లెక్క రెండు సందర్భాల్లోనూ ఒకేలా కనిపించొచ్చు. ఒక అంగుళం నీటికి పది అంగుళాల మంచు అన్నది సగటు లెక్క మాత్రమే. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర పడే తడి మంచు అంతకంటే తక్కువ మందమే ఇస్తుంది, చలి ఎక్కువుంటే మందం పెరుగుతుంది.

స్నోక్వాల్మీకి ఇంకో మెలిక ఉంది, నాకు స్టేషన్ రీడింగులు అంత ఇష్టం కావడానికి కారణం అదే. చలికాలంలో తూర్పు వాషింగ్టన్‌లో చల్లగాలి నేలనంటి పేరుకుని ఉంటుంది. పసిఫిక్ నుంచి తుఫాను దగ్గర పడుతుంటే ఆ చల్లగాలి పాస్ గుండా పడమటికి వచ్చేస్తుంది. దాంతో పైన వెచ్చగా, కింద చల్లగా ఉంటుంది. స్నోక్వాల్మీ దగ్గరి ఆల్పెంటల్ స్కీ ప్రాంతంలో కింద, మధ్యలో, శిఖరం మీద మూడు చోట్లా స్టేషన్లున్నాయి. కింద 30 డిగ్రీల ఫారెన్‌హీట్, శిఖరం మీద 36 చూపిస్తున్నాయంటే పైన కరిగిన వాన కింద తగిలిన చోటల్లా గడ్డకడుతోందని అర్థం. లిఫ్టుకీ, కళ్లద్దాలకీ, రోడ్డుకీ గాజుపొర పడుతుంది. గాలి తూర్పు నుంచి పడమరకి తిరగ్గానే కింద కూడా వేడెక్కుతుంది. ఆ మార్పు గంటగంటకీ వచ్చే రీడింగుల్లో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది, ఏ యాప్ బొమ్మలోనూ తెలియదు. శిఖరం మీద ఈదురుగాలి వేగం కూడా అందులోనే ఉంటుంది. అది బాగా ఎక్కువుంటే పై లిఫ్టులు ఆపేస్తారు, కాబట్టి టికెట్ కొనే ముందు చూసుకోవడం మంచిది.

ఈ పేజీల్లో లోపాలు లేకపోలేదు. రీడింగుల పేజీ నిండా అంకెలే, కొత్తవాళ్లకి బెదురు పుడుతుంది. మంచు లోతు కొలిచే సెన్సర్ గాలికి అప్పుడప్పుడు తప్పు అంకెలిస్తుంది, వాటిని పట్టించుకోకపోవడం అలవాటు చేసుకోవాలి. అవలాంచ్ ప్రమాద స్థాయి 1 నుంచి 5 వరకు ఉంటుంది, అది రిసార్టు హద్దులు దాటి వెళ్లేవాళ్ల కోసం. పిల్లలతో చిన్న లిఫ్టు దగ్గర తిరిగేవాళ్లు దాన్ని చూసి ట్రిప్పు మానుకోనక్కర్లేదు.

వెదర్ సర్వీస్ సియాటిల్ ఆఫీసు రోజుకి కొన్నిసార్లు రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్ కూడా చదవండి. అంచనా మీద వాళ్లకెంత నమ్మకముందో మాటల్లో చెప్పేది అక్కడే. "కన్వర్జెన్స్ జోన్" అన్న మాట కనిపిస్తే నేను స్టీవెన్స్ వైపు చూస్తాను. ఫ్రంట్ (తుఫానుతో వచ్చే చల్లగాలి అంచు) దాటాక గాలి ఒలింపిక్ పర్వతాల చుట్టూ రెండుగా చీలి, పుగెట్ సౌండ్ మీద మళ్లీ కలిసి పైకి లేస్తుంది. ఆ పట్టీ ఆగిన చోట కొండ మీద మంచు దట్టంగా పడుతుంది, పక్క కొండ మీద ఏమీ ఉండకపోవచ్చు.

డబ్బు కట్టే యాప్ అవసరమా అని మిత్రులు అడుగుతుంటారు. యూటా, కొలరాడో, కెనడా అంటూ తిరిగేవాళ్లకి అన్నీ ఒకచోట దొరుకుతాయి కాబట్టి పనికొస్తుంది. స్నోక్వాల్మీ, స్టీవెన్స్‌లకే వెళ్లేవాళ్లకి అక్కర్లేదు. పది రోజుల తర్వాత పడే మంచుకి అంగుళాలు చూపించినా దాన్ని నమ్మి గది బుక్ చేయకండి. మూడు రోజుల్లోపు అంచనానే నేను లెక్కలోకి తీసుకుంటాను.

సీజన్ మొత్తానికి లిఫ్టు టికెట్ (సీజన్ పాస్) కొనేవాళ్లు 2014–15 చలికాలాన్ని గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు నీరు దాదాపు మామూలుగానే పడింది, కానీ వేడి వల్ల కొండల మీద చాలావరకు వానగా పడింది. 2015 మేలో రాష్ట్రమంతటికీ కరువు ప్రకటించారు.

బయల్దేరే ముందు రాష్ట్ర రవాణా శాఖ వాళ్ల పాస్ రిపోర్టు కూడా చూడండి. ఆల్‌వీల్ డ్రైవ్ కారు టైర్లకి మంచు చెయిన్లు తొడగక్కర్లేదని మినహాయింపు ఇచ్చినప్పుడు కూడా చెయిన్లు కారులో ఉండి తీరాలి. ఇక అవలాంచ్ సెంటర్ సంగతి: అది ఫారెస్ట్ సర్వీస్, ఒక లాభాపేక్ష లేని సంస్థ కలిసి నడిపేది, విరాళాల మీద చాలా ఆధారపడుతుంది. నేను ఏటా సీజన్ మొదట్లోనే పంపుతాను. వాడుకునేవాళ్లు మీరూ పంపండి.