ఓటు ఊర్లో ఉంచుకోవాలా, తిరుపతికి మార్చుకోవాలా?

మా అక్క కూతురు తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరం. పోయిన నెల ఒకరోజు రాత్రి ఫోన్ చేసింది. మెస్‌లో సాంబారు నీళ్లలా ఉందని, రూమ్‌లో ఫ్యాన్ తిరిగేకంటే మూలిగేదే ఎక్కువని అన్నీ చెప్పుకొని, పెట్టేసే ముందు అడిగింది.

"మామా, కాలేజీలో కొత్త ఓటర్లందరూ నమోదు చేసుకోండి అంటున్నారు. అడ్రస్ దగ్గర హాస్టల్‌ది రాయాలా, మన ఊరిది రాయాలా?"

"ఊరిదే రాయి, ఇంకేం ఆలోచించొద్దు" అనేశాను. ఫోన్ పెట్టాక నాకే అనుమానం వచ్చింది. ఊరి ఓటు పట్టుకొని తిరుపతిలో చదివిన నేను ఎన్నిసార్లు ఓటేశానని?

2009లో నేను ఎస్వీ యూనివర్సిటీలో పీజీ. ఆ ఏడాది చిరంజీవి తిరుపతి నుంచి పోటీ చేశారు. హాస్టల్లో పొద్దున టిఫిన్ దగ్గర మొదలైతే రాత్రి లైట్లు ఆర్పేదాకా అదే చర్చ. ఏ వార్డులో ఎవరికి ఎన్ని వస్తాయో వేళ్ల మీద లెక్కలు చెప్పే మొనగాళ్లు మా బ్లాక్‌లో అరడజను మంది ఉండేవాళ్లు. ఒక్కడికీ తిరుపతిలో ఓటు లేదు! ఒకడిది పీలేరు, ఒకడిది నగరి, ఒకడిది కడప జిల్లా, నాది పలమనేరు దగ్గర పల్లె. పోలింగ్ అయిన మూడో రోజు నాకు పరీక్ష. బస్టాండుకు పోయి చూస్తే పలమనేరు బస్సు ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేదు. వెనక్కి వచ్చేశాను. దారిలో టీ అంగడాయన సిరా చుక్క పెట్టిన వేలితోనే గ్లాసు అందిస్తూ, "నువ్వు వేసొచ్చినావా అబ్బయ్యా?" అని అడిగాడు. ఏదో అబద్ధం చెప్పి టీ తాగాను.

మా నాన్న తరానికి ఈ తలనొప్పి లేదు. అప్పుడు ఓటు వయసు 21. 1983లో ఎన్టీఆర్ తిరుపతిలో పోటీ చేసినప్పుడు ఆయన వ్యాను వెనక పరిగెత్తిన డిగ్రీ కుర్రాళ్లలో చాలామందికి అసలు ఓటే లేదు. రాజ్యాంగానికి 61వ సవరణ చేసి 1989 మార్చిలో ఓటు వయసును 18కి దించారు. వాళ్లకు వయసు చాల్లేదు, మాకు వయసుండీ అడ్రస్ కలిసిరాలేదు.

చట్టం ఏమంటుందంటే, ఓటు మామూలుగా నివాసం ఉండే చోట ఉండాలి. చదువు కోసం కొన్నాళ్లు బయట ఉన్నంత మాత్రాన సొంతింటి నివాసం పోదు. హాస్టల్లో ఉండే విద్యార్థులకు ఎన్నికల సంఘం రెండు దారులూ ఇచ్చింది. అమ్మానాన్నల దగ్గర ఊర్లో పెట్టుకోవచ్చు, లేదా చదివే చోట పెట్టుకోవచ్చు. చదివే చోట కావాలంటే కోర్సుకు ప్రభుత్వ గుర్తింపు ఉండాలి, ఏడాదికి తక్కువ కాకూడదు, కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ జత చేయాలి. అంటే గ్రూప్స్‌కో డీఎస్సీకో నాలుగు నెలల కోచింగ్ కోసం వచ్చిన వాళ్లకు ఈ వెసులుబాటు వర్తించదు. కొత్తగా నమోదుకు ఫారం 6, ఉన్న ఓటును ఇంకో చోటికి మార్చడానికి ఫారం 8. రెండూ ఫోన్‌లోనే చేసుకోవచ్చు. ఇదివరకు జనవరి 1 నాటికి 18 నిండితేనే. ఫిబ్రవరిలో పుట్టిన పిల్లలు ఏడాది కాచుకోవాల్సి వచ్చేది. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగింటినీ లెక్కలోకి తీసుకుంటున్నారు. 17 నిండితే ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు కూడా.

ఇక అసలు తూకం.

ఊర్లో ఓటు ఉంటే బరువు ఎక్కువ. ఇది మాట వరసకు అనడం లేదు. పంచాయతీ ఎన్నికలకు వాడేది అసెంబ్లీ ఓటర్ల జాబితానే. తిరుపతికి మార్చుకున్న రోజే ఊర్లో సర్పంచ్ ఓటు, వార్డు మెంబర్ ఓటు కూడా పోతాయి. మార్చుకునే పిల్లల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. 2013లో మా పంచాయతీలో నాకు పెదనాన్న వరస అయ్యే ఆయన పదిలోపు ఓట్లతో ఓడిపోయాడు. బయట చదువుకుంటూ ఆ రోజు రాని పిల్లలమే అంతకు మించి ఉన్నాం. ఆయన ఇప్పటికీ నన్ను పెళ్లిళ్లలో చూస్తే, "చదువుకున్నోళ్లు గదా, మీకెక్కడ తీరతాది నాయనా" అంటాడు. అసెంబ్లీ ఎన్నికల్లో లక్షల ఓట్లలో మనదొకటి. పంచాయతీలో మన ఓటుకు పేరు కూడా ఉంటుంది.

పైగా మా పక్క సమస్యలు తిరుపతిలో కూర్చుంటే కనబడవు. కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగి రాత్రికి రాత్రి చేను తొక్కేస్తాయి. కందకం తవ్వించాలా, సోలార్ కంచె వేయించాలా, నష్టపరిహారం ఎవరు ఇప్పించాలి అన్నది మా ఊరికి అన్నం ముద్ద లాంటి విషయం. దాని మీద ఓటు వేయగలిగేది అక్కడ పేరున్నవాళ్లే.

మరి ఇబ్బంది? ఆ రోజుకు అక్కడికి చేరుకోవడం. చిత్తూరు 70 కిలోమీటర్లే, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. పలమనేరు, మదనపల్లె అయితే రోజంతా పోతుంది. కుప్పం వాళ్లు ముందు రాత్రే బయలుదేరాలి. విద్యార్థులకు పోస్టల్ బ్యాలెట్ లేదు. అది ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్లకు, సైన్యంలో ఉన్నవాళ్లకు, 85 దాటిన పెద్దలకు, దివ్యాంగులకు, అలాంటి కొందరికే. దూరంగా ఉన్నవాళ్లు ఉన్నచోటే ఓటేసే యంత్రాన్ని 2023 జనవరిలో పార్టీలకు చూపించాలనుకున్నారు గానీ, పార్టీలు అడ్డం తిరిగాయి. దాన్ని నమ్ముకుని కూర్చుంటే మా మేనకోడలికి మనవలు పుడతారు.

ఆడపిల్లలకు ఒక సౌకర్యం కలిసొచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు టికెట్ లేదు. ఛార్జీ మిగులుతుంది. సీటు మాత్రం ఎవరికి వారు సంపాదించుకోవాల్సిందే.

ఇప్పుడు తిరుపతి పక్క చూద్దాం. మొదట తేల్చుకోవాల్సింది, నువ్వు ఉండేది ఏ తిరుపతి? ఊరందరూ తిరుపతి అనే చోటే మూడు అసెంబ్లీ నియోజకవర్గాలు పరుచుకొని ఉన్నాయి. టౌన్‌లో ఉంటే తిరుపతి ఎమ్మెల్యే, తిరుపతి ఎంపీ. రూరల్ మండలంలోనో, రంగంపేట పక్క కాలేజీలోనో ఉంటే అది చంద్రగిరి. ఎంపీ కూడా తిరుపతి కాదు, చిత్తూరు! ఏర్పేడు దగ్గర ఐఐటీ పిల్లలైతే శ్రీకాళహస్తి కిందికి వస్తారు, వాళ్ల ఎంపీ మళ్లీ తిరుపతే. నా స్నేహితుడి తమ్ముడొకడు టౌన్‌లో తనకు నచ్చిన అభ్యర్థి కోసం పట్టుబట్టి ఓటు మార్చుకున్నాడు. తీరా స్లిప్ చేతికొచ్చాక చూసుకుంటే చంద్రగిరి అని ఉంది. ఆ అభ్యర్థి పేరు వాడి యంత్రం మీద ఎక్కడుంటుంది?

తిరుపతి ఓటుకు ఒక ప్రత్యేకత ఉంది. పని ఎక్కువ. గుడివాడలోనూ గెలిచిన ఎన్టీఆర్ 1983లో తిరుపతిని వదులుకుంటే ఉప ఎన్నిక. చిరంజీవి రాజ్యసభకు పోతే 2012లో ఉప ఎన్నిక. ఎమ్మెల్యే చనిపోతే 2015లో ఒకటి, ఎంపీ చనిపోతే 2021 ఏప్రిల్ 17న ఒకటి. ఆ 2021లోనే ఫిబ్రవరిలో పల్లెల్లో సర్పంచ్ ఎన్నికలు, మార్చిలో తిరుపతి కార్పొరేషన్ ఎన్నికలు. ఏడాదికి రెండుసార్లు సిరా చుక్క కావాలనుకునే వాళ్లకు ఇంతకంటే మంచి ఊరు దొరకదు.

రోజూ నడిచే రోడ్డు, తాగే నీళ్లు, రాత్రి లైబ్రరీ నుంచి వచ్చే దారిలో దీపాలు, ఇవన్నీ తిరుపతివే కదా అన్నది ఇటు పక్క గట్టి వాదన. నిజమే. నాలుగేళ్లు ఒక ఊరి గాలి పీల్చి ఆ ఊరి కార్పొరేటర్ పేరు కూడా తెలియకుండా పోవడం నాకూ నచ్చదు. గంగజాతర చాటింపు వేశాక ఊరు దాటి పోకూడదంటారు తిరుపతిలో. పోలింగ్ ముందు రోజు హాస్టళ్లలో దానికి పూర్తిగా రివర్స్. బ్యాగులు తగిలించుకొని ఊరు ఖాళీ. 2024లో చూస్తే, వేసిన ఓట్ల యంత్రాలు మహిళా యూనివర్సిటీ క్యాంపస్‌కు చేరాయి, అక్కడ చదివే పిల్లల్లో చాలామంది మాత్రం సొంతూళ్లలో ఉన్నారు.

కానీ హాస్టల్ అడ్రస్‌కు ఒక పెద్ద లోపం ఉంది. అది నిలవదు. మా బంధువుల అమ్మాయి ఒకరు రెండో ఏడాదిలో ఓటు మార్చుకుంది. వేసవి సెలవుల్లో బీఎల్ఓ (ఓటర్ల జాబితా చూసే బూత్ అధికారి) తనిఖీకి వస్తే గదికి తాళం. వాచ్‌మన్, "పిల్లలందరూ వెళ్లిపోయారు" అన్నాడట. సెలవులకు అని ఆయన ఉద్దేశం, ఖాళీ చేసి అని ఈయన రాసుకున్నది. పోలింగ్ రోజు జాబితాలో ఆమె పేరు లేదు. మార్చుకున్నప్పుడే ఊర్లోనూ తీసేశారు కాబట్టి అక్కడా లేదు. తప్పు ఎవరిదని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. నామినేషన్ల గడువు ముగిసే రోజుకు పది రోజుల ముందే ఒకసారి పేరు చూసుకొని ఉంటే మళ్లీ పెట్టుకునే వీలుండేది. ఆ తర్వాత ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు.

ఇంకొకటి. 2021 ఉప ఎన్నికప్పుడు బయటివాళ్లను తెచ్చి దొంగ ఓట్లు వేయించారన్న ఆరోపణలు తిరుపతిలో గట్టిగా వినిపించాయి. అలాంటి ఊర్లో కొత్త ముఖం క్యూలో నిలబడితే ఏజెంట్లు రెండు ప్రశ్నలు ఎక్కువ వేస్తారు. ఓటర్ కార్డో, ఆధారో చేతిలో ఉండాలి. కాలేజీ ఐడీ కార్డు చూపిస్తే ఒప్పుకోరు, ఎన్నికల సంఘం ఒప్పుకునే గుర్తింపు కార్డుల జాబితాలోనే అది లేదు.

రెండు చోట్లా పెట్టుకుంటే పోలా అని మా అక్క కూతురే నవ్వుతూ అడిగింది. ఒకరికి ఒకచోటే. ఇంకెక్కడా ఓటు లేదని ఫారంలో అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఎవరికి వేసినా ఒకటే కదా, ఎక్కడా వద్దు అనే మూడో రకం కూడా ఉంది. వాళ్ల కోసమే 2013 నుంచి ఎవరికీ వేయను అని చెప్పే నోటా మీట ఉంది, దానికీ క్యూలో నిలబడాలి.

కాబట్టి నా లెక్క ఇది. ఒక్క బస్సు ఎక్కితే ఇల్లు చేరే చిత్తూరు, అన్నమయ్య, నెల్లూరు పక్క పిల్లలు, అందులోనూ మూడేళ్ల డిగ్రీ చదివేవాళ్లు ఓటు కదిలించకపోవడమే మేలు. ముఖ్యమంత్రి ఎవరన్న దానికి ఎక్కడ వేసినా లెక్క ఒకటే, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద కోపం ఉంటే పలమనేరులో వేసినా తగిలేది అక్కడికే. సర్పంచ్ ఓటు మాత్రం మళ్లీ ఎక్కడా దొరకదు. శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో వచ్చినవాళ్లు, ఐదారేళ్లు పీహెచ్‌డీ చేసేవాళ్లు తిరుపతికి మార్చుకోవడమే నయం. రాత్రంతా రైలులో పోయి ఓటేసి మళ్లీ రాత్రంతా రావడం ఒకసారి చేస్తారు, రెండోసారి చేయరు. కేరళ, తమిళనాడు పిల్లల సంగతి ఇంకా చిక్కు. మనకు ఎంపీ, ఎమ్మెల్యే ఓట్లు ఒకే రోజు పడతాయి, వాళ్లకు వేర్వేరు ఏళ్లలో పడతాయి, రెండు ప్రయాణాలు. అయినా వాళ్ల రాష్ట్ర ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కు వదులుకోమని నేను చెప్పలేను.

ఇదంతా మా పాపకు మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. ఓపిగ్గా విని, "మరి ఆ రోజు నాకు పరీక్ష పడితే?" అంది. 2009 నాటి టీ అంగడి గుర్తొచ్చింది.

"తేదీ ప్రకటించిన రోజే నాకు చెప్పు. ముందు రోజు బండేసుకొని నేనే వస్తా" అన్నాను.

తన రూమ్‌మేట్‌ది శ్రీకాకుళం పక్క టెక్కలి. ఆ అమ్మాయి బోనఫైడ్ కోసం మూడు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకుందట. ఒకే మంచం మీద కూర్చొని, ఒకే ఫోన్‌లో ఇద్దరూ ఫారం 6 పెట్టేశారు. ఒకరు హాస్టల్ అడ్రస్‌తో, ఒకరు మా ఊరి అడ్రస్‌తో. ఫొటో మాత్రం మా పాపది రెండుసార్లు వెనక్కి వచ్చిందట, వెనకాల గోడ మీద ఆరేసిన తువ్వాలు పడిందని.