గప్పీలా, ఫైటరా, గోల్డ్ ఫిష్షా? మన నీళ్లకు ఏది మేలు?

వేసవి సెలవులు మొదలైతే చాలు, ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి చాలామంది ఇదే అడుగుతారు: పిల్లల కోసం రెండడుగుల తొట్టి కొన్నాం, ఏ చేపలు వేయాలి? ముందు మీ ఇంట్లో వాడేది బోరు నీళ్లా, కుళాయి నీళ్లా అని నేను తిరిగి అడుగుతాను. చేప రంగు తర్వాత చూసుకోవచ్చు.

మన దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు నీళ్లే. సబ్బు సరిగా నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి సున్నపు పొర కడుతుంది. అలాంటి నీళ్లలో నియాన్ టెట్రాలు వేయొద్దు. అవి అమెజాన్ అడవుల్లోని మెత్తటి, అంటే ఖనిజాలు తక్కువున్న నీళ్లలో పుట్టిన చేపలు. షాపులో ఆ నీలిగీత మెరుపు చూసి తెచ్చుకుంటారు, కొద్దిరోజుల్లో గీత వెలిసిపోతుంది, తర్వాత ఒక్కొక్కటే పోతాయి. ప్లాంటు నుంచి ఆర్వో నీళ్లు తెచ్చి కలిపితే పెంచొచ్చు కానీ నీళ్లు మార్చిన ప్రతిసారీ అదే పని, పైగా 28 డిగ్రీలు దాటితే వాటికి ఇబ్బంది.

గప్పీలకు మన బోరు నీళ్లతో పేచీ లేదు. ఖనిజాలున్న గట్టి నీళ్లే వాటికి ఇష్టం. ఉత్త ఆర్వో నీళ్లలో వేస్తేనే నీరసిస్తాయి. దోమల పిల్లల్ని తినడానికి మలేరియా విభాగం వాళ్లు గుంటల్లో వదిలే గంబూసియాలు వీటికి దగ్గరి చుట్టాలే. ఒక్క జాగ్రత్త: మగవాటినే కొనండి. రంగురంగుల తోక ఉన్నది మగది, పొట్ట లావుగా, రంగు తక్కువగా ఉన్నది ఆడది. ఆడది ఒక్కటి చేరినా నెలకోసారి పిల్లలు పెడుతుంది, తొట్టి ఇరుకైపోతుంది. రెండడుగుల తొట్టికి ఎనిమిది మగ గప్పీలు హాయిగా సరిపోతాయి.

ఇక ఎండలు. రోహిణి కార్తెలో గదిలో ఉన్న తొట్టి నీళ్లు కూడా 33, 34 డిగ్రీలకు పోవచ్చు. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ముత్తుకూరు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఎందుకు తిప్పుతారో తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే గోల్డ్ ఫిష్ పైకొచ్చి నోరు తెరిచి మూస్తూ ఉంటుంది. అది చల్లటి నీళ్ల చేప. వ్యర్థాలు ఎక్కువ, పెరిగితే జానెడు దాటుతుంది. రెండడుగుల తొట్టికి, అందులోనూ మన ఎండలకు, నేను ఎవరికీ చెప్పను.

ఇక్కడ ఫైటర్‌ది పైచేయి. నేరుగా గాలి పీల్చే అవయవం దానికి ఉంది. కరెంటు పోయినా తట్టుకుంటుంది. తొట్టి ఇరవై లీటర్లదైతే ఫైటరే మేలు, అదీ ఒక్కటే. గప్పీల తోకలు చూస్తే కొరుకుతుంది కాబట్టి రెండూ కలపొద్దు. ఎగిరి బయట పడుతుంది, మూత ఉండాలి, కానీ నీటికీ మూతకీ మధ్య గాలికి ఖాళీ వదలాలి.

మోలీలు కూడా ఉప్పు నీళ్లు తట్టుకుంటాయి, కాస్త పెద్ద తొట్టి కావాలంతే. జీబ్రా డానియోలు కూడా గట్టివే.

రెండడుగుల తొట్టి, బోరు నీళ్లు అయితే నా ఓటు గప్పీలకే. ఎండాకాలం ఒక చిన్న ఫ్యాను నీళ్ల మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అలా ఆవిరైన మేరకు మాత్రం బోరు నీళ్లు పోయొద్దు. నీళ్లు పోతాయి, ఉప్పు మిగులుతుంది, కాబట్టి పోసిన ప్రతిసారీ ఇంకా చిక్కనవుతుంది. ఆ కాసిని ఆర్వో నీళ్లతో నింపండి. వారం వారం మార్చే నీళ్లకు బోరువే వాడండి. కొనేటప్పుడు షాపులో ఏ నీళ్లలో ఉంచారో అడగండి. మీ నీళ్లు వేరైతే చేపల్ని తెచ్చిన కవర్లోకి మీ తొట్టి నీళ్లు కప్పు కప్పుగా, గంటసేపు కలిపాకే చేపల్ని లోపలికి వదలండి.