డాక్యుమెంట్ కెమెరా: రెండేళ్ళు దాటాక ఒక లెక్కల టీచరమ్మ మాట

మెగాపిక్సెళ్ళు ఎన్ని, లైటు ఎన్ని రకాలుగా వెలుగుతుంది, ఎంత సైజు కాగితం పడుతుంది, ఇవన్నీ అమ్మే పేజీలోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. బెంగళూరులో కె.ఆర్.పురం దాటాక ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో 7 నుంచి 9వ తరగతి దాకా లెక్కలు చెబుతాను, సెక్షన్‌కి 40 మంది పైనే. గోడకి 75 అంగుళాల టచ్ ప్యానెల్ ఉంది, అది స్కూలు వాళ్ళు పెట్టించింది. బల్ల మీద మెడ వంచుకుని నిలబడే ఈ చిన్న కెమెరా మాత్రం నా సొంత డబ్బుతో కొన్నది, ఐదు వేల చిల్లర అయింది. స్కూలు వస్తువు నువ్వెందుకు కొనాలి అని మా ఆయన ఇప్పటికీ సణుగుతుంటారు. ఆ మాట న్యాయమే, కానీ మంజూరు అయ్యేదాకా ఆగితే ఆ పిల్లలు పదో తరగతికి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇది చేసే పని ఒక్కటే, కింద పెట్టింది ల్యాప్‌టాప్ ద్వారా గోడ మీది ప్యానెల్‌లో పెద్దగా చూపిస్తుంది. అంతకు మించి ఏమీ లేదు, ఆ ఒక్కదానికే నేను దీన్ని వదల్లేకపోతున్నా. ఎందుకంటే నేను కింద పెట్టేది పిల్లల నోటుబుక్కు.

7వ తరగతిలో భిన్నాల కూడిక చెప్పిన మర్నాడు ఒకబ్బాయి నోట్సులో 2/3 + 1/4 = 3/7 అని ఉంది. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశాడు. లెక్కలు చెప్పేవాళ్ళందరికీ ఇది తెలిసిన గోలే. ఇదివరకైతే ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన 11/12 అని రాసి ఇచ్చేదాన్ని, వాడు దాన్ని ఎత్తి రాసుకుని పరీక్షలో మళ్ళీ అదే చేసేవాడు. ఆ రోజు పేరు కనబడకుండా అట్ట వెనక్కి మడిచి కెమెరా కింద పెట్టాను. ఇది కరెక్టా కాదా, ఎందుకో చెప్పండి అని మాత్రం అడిగాను. ఎల్‌సీఎం తీయాలి మ్యామ్ అని ముందు బెంచీల వాళ్ళు అరిచారు, వాళ్ళు ఎలాగూ అరుస్తారు. అప్పుడు వెనక నుంచి ఒకమ్మాయి లేచి, ఇంగ్లీషూ తెలుగూ కలిపి, ‘మ్యామ్, 2/3 అంటే హాఫ్ కంటే ఎక్కువ కదా, 3/7 హాఫ్ కంటే తక్కువ, కలిపితే తగ్గిందేంటి?’ అంది. అందరికంటే ముందు నవ్వింది ఆ నోట్సు పిల్లాడే. రూలు చెప్పి నేను తీసుకురాలేనిది ఆ ప్రశ్నతో వచ్చేసింది, కలిపితే పెరగాలి అన్న ఇంగితం.

అదే తప్పు నేను బోర్డు మీద రాసి చూపిస్తే ఇంత పని జరగదు, అది మ్యామ్ కావాలని రాసిన తప్పు అని వాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. తమ ఈడు పిల్లాడి చేతిరాతలో, కొట్టివేతలతో సహా కనబడితే మాత్రం ప్రతివాడూ తన నోట్సు తెరిచి చూసుకుంటాడు.

ఇంకోటి జామెట్రీ. నల్లబల్ల మీద ఆ పెద్ద కర్ర కాంపసుతో కోణాన్ని సగం చేసి చూపించినవాళ్ళకి తెలుస్తుంది, ముల్లు జారుతుంది, సుద్దముక్క విరుగుతుంది, మన వీపు అడ్డం. పైగా పిల్లల చేతిలో ఉండేది ఆ కర్ర సామాను కాదు, పెన్సిల్ బిగించే రేకు కాంపసు. ఇప్పుడు వాళ్ళ జామెట్రీ బాక్సే అడిగి తీసుకుని కెమెరా కింద గీస్తాను. ప్రొట్రాక్టర్ అయితే మరీ బాగుంటుంది. 60 డిగ్రీలు గీయమంటే 120 గీసే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు, రెండు వరుసల అంకెల్లో ఏ వరుస చదవాలో తెలియక. పారదర్శకమైన ప్రొట్రాక్టర్‌ని గీత మీద పెట్టి, ‘సున్నా ఎక్కడ ఉందో అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ రండి’ అని పెన్సిల్ మొనతో చూపిస్తే నలభై మందికీ ఒకేసారి కనబడుతుంది. జియోజీబ్రా అనే జామెట్రీ యాప్ కూడా వాడతాను, గీత లాగితే కోణం ఎలా మారుతుందో చూపడానికి దాన్ని మించింది లేదు, కానీ కాంపసు ఎక్కడ పట్టుకోవాలో అది చూపించదు.

సరే, ఇప్పుడు నన్ను ఏడిపించిన సంగతి.

జూన్‌లో కొన్నాను, మొదటి వారాలు బ్రహ్మాండంగా నడిచింది. జులై వచ్చి బెంగళూరు మబ్బేసింది, క్లాసులో లైట్లు వేశాం. తెర మీద నల్లటి పట్టీలు మొదలయ్యాయి, అడ్డంగా, మెల్లగా పైకి పాకుతూ. నోట్సులో అక్షరాలు ఒక పట్టీలోకి వెళ్ళి మళ్ళీ బయటికొస్తున్నాయి. పిల్లలకి తమాషా, నాకు టెన్షన్. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే పీస్ మార్చి పంపుతామన్నారు, పాతది వెనక్కి పంపి కొత్తది వచ్చేసరికి యూనిట్ టెస్టులు కూడా అయిపోయాయి, చూస్తే దానిలోనూ అవే పట్టీలు. ప్యానెల్ సర్వీసుకి వచ్చినతను తెర బాగానే ఉంది, కెమెరా చూపించుకోండి అన్నాడు. స్కూలు ఐటీ సార్ నా ల్యాప్‌టాప్ పాతదన్నారు. తలా ఒక వస్తువుని తిట్టిపోతున్నారు గానీ లైటు వైపు ఎవరూ చూడలేదు.

చివరికి తేల్చింది మా కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంట్. ములబాగలు వైపు కుర్రాడు, ఆదివారాలు పెళ్ళి వీడియోలు తీస్తాడు. గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూసి, ‘ఏం లేదు మేడం, ట్యూబ్‌లైటు. కెమెరా 60లో ఉంటుంది, 50 చేయాల. కల్యాణ మండపాల్లో మాకు రోజూ ఇదే గోల’ అన్నాడు. ల్యాప్‌టాప్‌లో కెమెరా యాప్ సెట్టింగ్స్ తెరిచి, ఫ్లికర్ రిడక్షన్ అని ఉన్నచోట 60 హెర్ట్జ్ తీసి 50 పెట్టాడు. పట్టీలు మాయం.

తర్వాత టీ తాగుతూ చెప్పించుకున్నాను. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అమెరికాలో 60 సార్లు. ఒక్కో ఊగుకి రెండుసార్లు వెలుగు పెరిగి తగ్గుతుంది కాబట్టి పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు మన దగ్గర సెకనుకి 100 సార్లు రెపరెపలాడుతుంది, మన కంటికి తెలియదు. కెమెరా బొమ్మని పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది. దాని లెక్క 60కి ఉంటే లైటుతో తాళం కుదరదు, కొన్ని వరుసలు వెలుగులో, కొన్ని మసకలో పడతాయి, అవే పట్టీలు. పగటి వెలుతురు అలా రెపరెపలాడదు, కిటికీ వెలుగులో పట్టీలు రాకపోవడానికి కారణం అదే. ఇందులో లెక్కలు తప్ప ఇంకేమీ లేదు, 9వ తరగతికి ఒక పీరియడ్ దీని మీదే చెప్పాను, పాఠ్యాంశంలో లేకపోయినా.

నా ల్యాప్‌టాప్‌లో కెమెరా వైరు వేరే యూఎస్‌బీ రంధ్రంలో పెడితే మళ్ళీ 60కి పోతుంది. అందుకని ఒక రంధ్రం పక్కన నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకున్నాను.

ఇక్కడ నా కోపం వస్తువు మీద కాదు. ప్యానెల్ పెట్టినప్పుడు స్కూళ్ళు తెరిచే ముందు మాకు ఒక పూట శిక్షణ ఇచ్చారు. తెర రెండుగా చీల్చడం, స్పాట్‌లైట్, వేలితో రాస్తే అచ్చక్షరాలైపోవడం, పాచికలు వేయడం, అన్నీ చకచకా చూపించాడు ఆ అబ్బాయి, మేం చప్పట్లు కూడా కొట్టాం. హెచ్‌డీఎంఐ వైరు బొమ్మని, శబ్దాన్ని మాత్రమే మోస్తుంది, ల్యాప్‌టాప్ పెట్టినప్పుడు టచ్ పనిచేయాలంటే వేరే యూఎస్‌బీ వైరు కూడా గుచ్చాలి అని మాత్రం చెప్పలేదు. ఆ వైరు డబ్బాలోనే ఉండిపోయింది, సగం మంది టీచర్లు ఆ ఏడాదంతా దాన్ని టీవీలా వాడారు. అదే పూట ఒక స్లైడులో మూడు వలయాలు చూపించాడు, విషయం, బోధన, సాంకేతికత, మూడూ కలిసేచోట టీచరుండాలని. మిశ్రా, కోలర్ అనే ఇద్దరు విద్యా పరిశోధకులు 2006లో రాసిన సంగతి అది, మంచి సంగతే. చెప్పినవాడు మాత్రం మూడో వలయంలోంచి బయటికి రాలేదు. టీచరుకి ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. గంటలైతే నింపుతున్నాం, సర్టిఫికెట్లు ఫైల్లో ఉన్నాయి. నాకు పనికొచ్చింది మాత్రం ల్యాబ్ కుర్రాడి ఐదు నిమిషాలు.

అది చూశాకే స్టాఫ్‌రూంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం, పద్ధతి అనడం కూడా ఎక్కువే. ఖాళీ పీరియడ్ ఉన్నవాళ్ళు నా క్లాసు వెనక బెంచీలో ఒక పావుగంట కూర్చుంటారు, తర్వాతి వారం నేను వాళ్ళ క్లాసులో కూర్చుంటాను. ఒక్కసారికి ఒక్కటే చూడటం, అదొక్కటే వాడటం. కన్నడ మేడంకి అన్నిటికంటే నచ్చింది ఫ్రీజ్ బటన్. ఒక పేజీ బొమ్మ తెర మీద నిలిపేసి కింద నిదానంగా రెండో పేజీ సర్దుకోవచ్చు, చేతుల తడబాటు పిల్లలకి కనబడదు. ఒత్తక్షరం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో ఆవిడ పెన్నుతో రాసి చూపిస్తుంటే, పాతికేళ్ళుగా బెంగళూరులో ఉన్న నాకూ కొన్ని అప్పుడే తెలిశాయి. సోషల్ సార్ అట్లాసు పెట్టి పిల్లల చేతనే నదుల వెంట వేలు నడిపిస్తారు. వీళ్ళెవరూ ప్యానెల్ శిక్షణలో నోరు విప్పినవాళ్ళు కాదు.

మొదటి ఏడాది స్టాఫ్ వాట్సాప్‌లో ఏ పిల్లాడి నోట్సైనా తీసి చూపించేయొచ్చు అని ఉత్సాహంగా రాశాను. ఇప్పుడు అంత ధారాళంగా అనను. 8వ తరగతిలో ఒకమ్మాయి నేను నడుస్తూ వస్తుంటేనే మోచెయ్యి అడ్డం పెట్టుకునేది. పేరు దాచినా చేతిరాత దాగదు కదా, పక్కవాళ్ళు గుర్తుపడతారు. అందుకని 8, 9 తరగతుల్లో అడిగి తీసుకుంటాను, ఇవ్వనంటే సరే అంటాను, చాలాసార్లు పక్క సెక్షన్ నోట్సు తెచ్చి చూపిస్తాను. 7వ తరగతి వాళ్ళు మాత్రం ‘నాది పెట్టండి మ్యామ్’ అని ఎగబడతారు, వాళ్ళకి తప్పైనా తెరకెక్కడమే గొప్ప.

చిన్న చిన్న చికాకులు ఉన్నాయి. నున్నటి టెక్స్ట్‌బుక్ పేజీల మీద లైటు మెరిసి సగం అక్షరాలు పోతాయి, పుస్తకం కొంచెం పక్కకి తిప్పాలి. చెయ్యి కదిలినప్పుడల్లా ఫోకస్ వెతుక్కుంటుంది, దాన్ని లాక్ చేసుకోవాలి. అన్నిటికంటే ఎక్కువ రిజల్యూషన్ పెడితే బొమ్మ చెయ్యి వెనకాల వెనకాల వస్తుంది, 1080కి దించితే హాయిగా నడుస్తుంది. వైరు పొట్టి, ఎస్.పి. రోడ్‌లో పొడిగింపు వైరు తెచ్చుకున్నాను. మామూలు యూఎస్‌బీ 2 వైరు 5 మీటర్లు దాటకూడదని ఆ షాపాయనే చెప్పి చిన్నది ఇచ్చాడు, అమ్ముకునేవాడు చిన్నది అంటగట్టడం బెంగళూరులో అదే మొదటిసారి చూశాను.

ఫోన్‌తో అవదా అని అడుగుతారు. అవుతుంది, స్టాండు పెట్టి ఫోన్ తెరని ప్యానెల్ మీదికి పంపితే సరిపోతుంది, కొనేముందు నేనూ అలాగే వాడాను. వర్గమూలం చెబుతుంటే తెర మీద గ్యాస్ బుకింగ్ మెసేజ్, వెంటనే మా అత్తగారి వీడియో కాల్. కాల్స్ ఆపుకుని వాడగలిగితే అది చాలు, డబ్బు మిగులుతుంది.

నా సంగతి వేరు అని కూడా చెప్పాలి. నాది లెక్కల సబ్జెక్టు, క్లాసు పెద్దది, తెర ముందే ఉంది, జీతంలో ఐదు వేలు సర్దుకోగలిగాను. మా పిన్ని కూతురు చెన్నైలో చిన్న తరగతులకి చెబుతుంది, క్లాసులో ఇరవై మందే, పిల్లల్ని బల్ల చుట్టూ నిలబెట్టుకుంటే అయిపోతుంది, దానికి కొనొద్దనే చెప్పాను. సైన్స్ ల్యాబ్‌కి ఎలా ఉంటుందో వాళ్ళనే అడగండి. కొనేవాళ్ళు మాత్రం రిటర్న్ గడువు లోపలే ఒకసారి క్లాసులో కిటికీలు మూసి, లైట్లన్నీ వేసి చూసుకోండి. పట్టీలు వస్తే వెంటనే వెనక్కి పంపకండి, ముందు సెట్టింగ్స్‌లో 50 ఉందో లేదో చూడండి.